నడుం చూడరా అల్లుడూ!

అమెరికన్ ఫుట్‌బాల్‌లో లైన్‌బ్యాకర్‌కీ, మన కబడ్డీలో కార్నర్‌కీ పని ఒక్కటే. ఎదుటివాడు ఏం చేయబోతున్నాడో అడుగు పడకముందే కనిపెట్టాలి. టెక్సస్‌లో ఉన్న మేనల్లుడికీ, రాజోలు దగ్గర నా కుర్రాళ్ళకీ ఒకేసారి ఆ పాఠం చెప్పాల్సొచ్చింది!

తెల్లవారుజామున నాలుగింటికి ఫోన్ మోగితే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. నాకు మాత్రం పోయిన సెప్టెంబరు నుంచి అది అలవాటైపోయింది. మా అక్కా బావా ఉండేది టెక్సస్‌లో, డాలస్ పక్కన ఫ్రిస్కోలో. అక్కడ గురువారం సాయంత్రం అయిదున్నర అంటే ఇక్కడ శుక్రవారం తెల్లారగట్ల నాలుగు. మేనల్లుడి మ్యాచ్ మొదలయ్యే టైమ్. బావ గ్యాలరీలో కూర్చుని ఫోన్ ఎత్తి పట్టుకుంటాడు. నేను ఇక్కడ అరుగు మీద దోమలు తోలుకుంటూ చూస్తుంటాను.

ఫ్రిస్కో గురించి ఒక్క మాట చెప్పాలి. మనవాళ్ళు ఎంతమంది ఉంటారంటే, ఆవకాయ అయిపోతే పక్కింట్లో అడిగి తెచ్చుకోవచ్చు. అదే ఊళ్ళో డాలస్ కౌబాయ్స్ జట్టు ప్రధాన కేంద్రం కూడా ఉంది. 2016లో తెరిచారు. అలాంటి చోట పెరిగే పిల్లాడు ఫుట్‌బాల్ ఆడతానంటే వింతేముంది? వింతల్లా ఏంటంటే, వాడికి ఇచ్చిన స్థానం లైన్‌బ్యాకర్. ఆ పేరు నేను అప్పుడే మొదటిసారి విన్నాను.

మూడో మ్యాచ్ అయ్యాక వాడే వీడియో కాల్ చేశాడు. ముఖం వాడిపోయి ఉంది.

"మావయ్యా, కోచ్ నన్ను బెంచ్ మీద కూర్చోబెట్టాడు. నీ కళ్ళు తప్పు చోట ఉన్నాయి అంటాడు. గార్డ్‌ని చూడమంటాడు. బాల్ ఒకచోట ఉంటే గార్డ్‌ని చూసి నేనేం చెయ్యాలి?"

నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే అంతకు రెండ్రోజుల ముందు, మా గ్రౌండ్‌లో లెఫ్ట్ కార్నర్ కుర్రాడిని నేను తిట్టిందీ సరిగ్గా అదే మాట. "చేతులు చూడకురా, నడుం చూడు!"

అసలు లైన్‌బ్యాకర్ ఎవరు?

ఆ ఆట తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెబుతాను. జట్టుకు 11 మంది. బంతి చేతిలో ఉన్న జట్టుకు నాలుగు ప్రయత్నాలు ఇస్తారు. ఆ నాలుగింటిలో 10 గజాలు ముందుకు పోవాలి. పోతే మళ్ళీ నాలుగు దొరుకుతాయి. పోలేకపోతే బంతి అవతలివాళ్ళది.

ముందుకు పోవడానికి ప్రధానంగా రెండు దారులు. బంతి చంకలో పెట్టుకుని పరిగెత్తడం ఒకటి, దూరంగా ఉన్నవాడికి విసరడం రెండోది. ఆపేవాళ్ళలో మొదటి వరసలో భారీ మనుషులు ఉంటారు. వాళ్ళ వెనకాల నాలుగైదు గజాల్లో నిలబడేవాడే లైన్‌బ్యాకర్. పరుగైతే ముందుకొచ్చి పడగొట్టాలి. విసురైతే వెనక్కి వెళ్ళి కాపు కాయాలి. ముందుకా, వెనక్కా? తేల్చుకోవడానికి సెకను కూడా ఉండదు. తప్పు చేస్తే వాడు ఖాళీ చేసిన చోటు నుంచే బంతి పోతుంది.

మరి ఎలా తేల్చుకోవాలి? అక్కడే ఆ గార్డ్ వస్తాడు. బంతి పట్టుకున్న జట్టు ముందు వరసలో అయిదుగురు పెద్ద మనుషులు ఉంటారు. నడిమివాడికి అటూ ఇటూ ఉండేవాళ్ళే గార్డులు. వాళ్ళు బంతి ముట్టుకోరు. కానీ రహస్యం మొత్తం వాళ్ళ ఒంట్లోనే ఉంటుంది.

పరుగు ఆట అయితే గార్డ్ తల దించుకుని ముందుకు దూకుతాడు, దారి చెయ్యాలి కాబట్టి. విసురు ఆట అయితే తల పైకెత్తి, ఒక అడుగు వెనక్కి వేస్తాడు, విసిరేవాడిని కాపాడాలి కాబట్టి. పైగా విసురు ఆటలో ఆ అయిదుగురూ గీత దాటి మరీ ముందుకు పోకూడదని రూల్ కూడా ఉంది. గార్డ్ తన చోటు వదిలి అడ్డంగా పరిగెడుతుంటే, పరుగు దాదాపుగా అటువైపే వస్తుంది. బంతి చేతిలో ఉన్నవాడు ఇచ్చినట్టు నటించి ఇవ్వకపోవచ్చు. అతని చేతులు ఎంత అబద్ధమైనా ఆడతాయి. 130 కిలోల గార్డ్ ఒళ్ళు మాత్రం అంత తేలిగ్గా అబద్ధం ఆడలేదు.

నా మేనల్లుడు చూస్తున్నదల్లా ఆ చేతుల్నే.

మన గ్రౌండ్‌లోనూ అదే జబ్బు

ఇప్పుడు మా దగ్గరికి రండి. కొబ్బరి తోటల మధ్య చదును చేసిన మట్టి కోర్టు. 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. ఏడుగురు డిఫెండర్లు. చివర నిలబడే కార్నరే నా లైన్‌బ్యాకర్. కూతకొచ్చినవాడు కాలు చాపుతాడు, చెయ్యి విసురుతాడు, భుజం ఊపుతాడు. వీటిలో నిజమైనది ఒక్కటే. మిగతావన్నీ ఎర.

ఎర అని ఎలా తెలుస్తుంది? బరువు చూడాలి. రైడర్ లెఫ్ట్ కార్నర్ వైపు కాలు చాపాడనుకోండి. బరువంతా వెనక కాలి మీదే ఉంటే, చాపిన కాలు వట్టిది. దాని మీద పడ్డారో, చటుక్కున లాగేసుకుని మీ వీపు తట్టి పోతాడు. అదే కాలి మీదకు బరువు వచ్చిందంటే ఆ క్షణానికి దాన్ని లాగలేడు. చీలమండ పట్టుకోవాల్సింది అప్పుడే. బరువు ఎక్కడుందో చెప్పేది చేతులు కాదు, నడుము. నడుము తిరగకుండా మనిషి తిరగలేడు.

బోనస్ సంగతీ అంతే. మధ్య గీతకు 3.75 మీటర్ల దూరంలో బాక్ లైన్, దానికి మీటరు అవతల బోనస్ లైన్ ఉంటాయి. ఆరుగురు లేదా ఏడుగురు డిఫెండర్లు ఉన్నప్పుడే బోనస్. ఒక కాలు ఆ గీత దాటి నేల తాకినప్పుడు రెండో కాలు గాల్లో ఉండాలి. అంటే పాయింటు తెచ్చుకునే ఆ క్షణంలో రైడర్ ఒంటికాలి మీద ఉంటాడు. తెలిసిన కార్నర్‌కి అంతకంటే మంచి ముహూర్తం ఉండదు.

ఇదంతా చెప్పడం తేలికే. సెకనులో సగం టైమ్‌లో చూసి, నమ్మి, కదలడం కష్టం. ఆ కష్టం ఖరీదు ఎంతో నా కుడి మోకాలికి తెలుసు.

నా మోకాలు కథ

నాకు 22 ఏళ్ళప్పుడు, ఓ సంక్రాంతి టోర్నమెంట్‌లో నేనే లెఫ్ట్ కార్నర్. ఎర కాలిని చూసి దూకాను. తల కిందికి, కళ్ళు నేలకి. నా పక్కన ఇన్‌లో ఉన్నవాడు నన్ను నమ్మి నా వెనకే దూకాడు. రైడర్ కాలు లాగేసుకున్నాడు. పక్కవాడి బరువంతా వచ్చి నా మోకాలి మీద పడింది. ఆ 'టప్' మన్న చప్పుడు ఇప్పటికీ గుర్తే. మళ్ళీ టోర్నమెంట్ ఆడలేదు.

అందుకే కుర్రాళ్ళకి చెబుతుంటాను. ఆటని చదవడం పాయింట్ల కోసమే అనుకోవద్దు, ఒళ్ళు దక్కించుకోవడానికి కూడా. కళ్ళు పైన ఉంటే దేన్ని గుద్దుతున్నావో కనిపిస్తుంది. తల దించి దూకితే మెడకీ ప్రమాదమే. అమెరికాలో కోచ్‌లు కూడా పిల్లలకి టాకిల్ నేర్పేటప్పుడు తల పైకెత్తమనే మొత్తుకుంటారని మేనల్లుడు చెప్పాడు.

వాడే ఇంకో పేరు చెప్పాడు. ల్యూక్ కీక్లీ. కరోలినా పాంథర్స్ లైన్‌బ్యాకర్. 2013లో ఎన్‌ఎఫ్‌ఎల్ ఉత్తమ డిఫెన్స్ ఆటగాడు. అవతలివాళ్ళు నిలబడిన తీరు చూసి, ఆట మొదలుకాకముందే వాళ్ళేం ఆడబోతున్నారో గట్టిగా అరిచి తనవాళ్ళకి చెప్పేసేవాడట. మ్యాచ్‌ల వీడియోలు అరగదీసి చూసిన ఫలితం. అంతటివాడినీ తలకు తగిలిన దెబ్బలు పలుమార్లు ఆటకి దూరం చేశాయి. 2020 జనవరిలో, 28 ఏళ్ళకే రిటైరైపోయాడు. ఎంత చదివినా ఒళ్ళు ఒళ్ళే. చదవకపోతే ఇంకెంత?

మాటల్లో చెప్పండి, దూకొద్దు

మేనల్లుడి కోచ్ నేర్పే పద్ధతి విన్నాక మా గ్రౌండ్‌లో ఒక మార్పు చేశాను. వారం రోజులపాటు ఎవరూ పట్టకూడదన్నాను. కుర్రాళ్ళు నన్ను పిచ్చోడిలా చూశారు.

"మరి ఏం చెయ్యాలండి మాస్టారు?"

"చూడండి. నోటితో చెప్పండి. అంతే."

రైడర్ కూతకొస్తాడు. కార్నర్ కదలడు. 'ఎర', 'బోనస్', 'కాలు', 'వెనక్కి'... వీటిలో ఏది వస్తుందో ముందే అరవాలి. మొదటిరోజు పదింటిలో మూడు కూడా సరిగ్గా చెప్పలేదు. కారణం అడిగితే, "చెయ్యి విసిరాడు కదండీ" అనేవాళ్ళు. మళ్ళీ చేతులే!

రెండో పని, ఫోన్. మీ జేబులో ఉన్నదే. రైడ్‌ని స్లో మోషన్‌లో తీసి, రైడర్ కదిలే ముందు క్షణంలో ఆపేస్తాను. "ఇప్పుడేం చేస్తాడు?" అని ఒక్కొక్కరినీ అడుగుతాను. చెప్పాక మిగతాది చూపిస్తాను. ఇది నేను కనిపెట్టింది కాదు. 1987లో బ్రూస్ అబెర్నెథీ అనే ఆస్ట్రేలియా పరిశోధకుడు, సహచరుడితో కలిసి బ్యాడ్మింటన్ ఆటగాళ్ళ మీద ఇలాంటి పరీక్షే చేశాడు. షాట్ పూర్తికాకముందే ఫిల్మ్ ఆపేసి షటిల్ ఎక్కడ పడుతుందో చెప్పమన్నాడు. కొత్తవాళ్ళు రాకెట్ చూసి చెప్పారు. ఆరితేరినవాళ్ళు రాకెట్‌తోపాటు, అంతకంటే ముందే కదిలే చేతిని కూడా చదివారు. చూపు ఇద్దరిదీ ఒకటే. ఎక్కడ చూడాలో తెలియడమే తేడా.

బ్యాడ్మింటన్ అంటే మా కుర్రాళ్ళు చెవులు రిక్కిస్తారు. మన అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ ఉన్నాడు కదా! 2023 ఏప్రిల్‌లో జపాన్‌లో గంటకు 565 కిలోమీటర్ల వేగంతో స్మాష్ కొట్టి గిన్నిస్ రికార్డు కెక్కాడు. అదే ఏడాది చిరాగ్ శెట్టితో కలిసి ఏషియన్ గేమ్స్ బంగారం తెచ్చి, డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. "అలాంటి స్మాష్‌ని అవతలివాడు షటిల్ చూసి ఆపగలడా?" అని అడిగాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మా లెఫ్ట్ కార్నర్ కుర్రాడే మెల్లిగా అన్నాడు. "లేదండి. భుజం చూడాలండి."

ఆరోజు వాడికి విషయం ఎక్కిందని నాకు అర్థమైంది.

దూకడానికి ముందే సగం జవాబు

ఒంటిని చదవడం ఒక ఎత్తు, సందర్భాన్ని చదవడం ఇంకో ఎత్తు. మేనల్లుడికి ఇది నేను నేర్పాను, కబడ్డీ లెక్కతో.

రెండు రైడ్లు వరసగా ఖాళీగా పోతే మూడోది డూ ఆర్ డై. పాయింటు తేకపోతే రైడర్ ఔట్. అంటే వాడు లోపలికి రాక తప్పదు. అప్పుడు కార్నర్ తొందరపడాల్సిన పనేముంది? 30 సెకన్లు గడుస్తున్నకొద్దీ భయం పెరిగేది వాడికే. అయిదుగురే ఉంటే బోనస్ లేదు, కాబట్టి బోనస్ గీత వైపు వేసే కాలు ఉత్త నటన.

"మీ దాంట్లో కూడా ఇలాంటిది ఉంటుంది కదరా అల్లుడూ?" అన్నాను.

వాడు ఒక్క క్షణం ఆలోచించాడు. "ఉంది మావయ్యా! మూడో ప్రయత్నంలో ఇంకా 8 గజాలు కావాలంటే ఎక్కువగా విసురుతారు. ఒక్క గజమే కావాలంటే ఎక్కువగా పరుగే." అని, కాసేపాగి, "అంటే గార్డ్‌ని చూడకముందే సగం తెలుసన్నమాట!" అన్నాడు.

అక్కడ పెద్ద లీగులో 2008 నుంచి డిఫెన్స్‌లో ఒక ఆటగాడి హెల్మెట్‌లో చిన్న రేడియో ఉంటుంది. ఎక్కువగా మిడిల్ లైన్‌బ్యాకర్‌కే ఇస్తారు. కోచ్ అందులో ఏ వ్యూహం ఆడాలో చెబుతాడు. కానీ ఆట మొదలయ్యే గడియారంలో 15 సెకన్లు మిగిలేసరికి అది ఆగిపోతుంది. ఆ తర్వాత వాడి కళ్ళే వాడికి దిక్కు. మాకు రేడియో లేదు. కార్నర్, ఇన్ చేతులు పట్టుకుని ఉంటారు కదా. ఒకసారి నొక్కితే ఆగు, రెండుసార్లు నొక్కితే వెళ్దాం. నా మోకాలు పోయిన రోజు మాకు ఆ భాష లేదు.

కువైట్ వీసానా, కబడ్డీనా?

ఇప్పుడు ఆ లెఫ్ట్ కార్నర్ కుర్రాడి సంగతి. 19 ఏళ్ళు. నాన్న కొబ్బరి దింపు పనికి వెళతాడు. రాజోలు చుట్టుపక్కల సంగతి తెలిసిందే. వీధికో ఇంట్లో గల్ఫ్‌లో ఎవరో ఒకరు ఉంటారు. వీడి పిన్ని కూడా కువైట్‌లోనే. "ఈ సంక్రాంతి దాకా చూస్తాను. తర్వాత వీసా తీయిస్తాను" అని నాన్న గట్టిగా చెప్పేశాడు. ఆయన్ని తప్పుపట్టలేను. స్పోర్ట్స్ కోటా ఉద్యోగం వస్తుందో రాదో తెలియని ఆట కోసం, ఇంటి అప్పు ఎన్నాళ్ళు ఆగుతుంది?

పైగా దసరా టోర్నమెంట్ ఫైనల్‌ని వీడే పోగొట్టాడు. చివరి రైడ్. మేం ఒక్క పాయింటు ముందున్నాం. రైడర్‌ని ఖాళీగా పంపినా కప్పు మాదే. వీడు ఎర కాలి మీద దూకాడు. పక్కవాడూ దూకాడు. రెండు పాయింట్లు పోయాయి, కప్పూ పోయింది. ఆ రాత్రి వాడు గోదావరి గట్టు మీద కూర్చుని, "నేను మానేస్తానండి మాస్టారు" అన్నాడు. ఏం చెప్పాలో తోచక నా మోకాలు మీద మచ్చ చూపించాను. "నేను చదవడం నేర్చుకోకుండానే ఆట మానేశాను. నువ్వు నేర్చుకుని మానెయ్" అన్నాను.

సంక్రాంతి వచ్చింది. సెమీఫైనల్. అవతలివాళ్ళకి డూ ఆర్ డై. మావాళ్ళు అయిదుగురే ఉన్నారు. రైడర్ నేరుగా వీడి వైపే వచ్చాడు. దసరాకి జరిగింది అందరికీ తెలుసు కదా! కాలు చాపాడు. వీడు కదల్లేదు. మళ్ళీ చాపాడు. చుట్టూ జనం "పట్టరా, పట్టు" అని కేకలు. వీడు కదల్లేదు. నేను ఊపిరి బిగబట్టి వీడి కళ్ళే చూస్తున్నాను. అవి రైడర్ నడుం మీదే ఉన్నాయి.

20 సెకన్లు దాటాక రైడర్ కుడి కవర్ వైపు తిరగబోయాడు. తిరగాలంటే ఎడమ కాలి మీద బరువు వెయ్యాలి. వేశాడు. అంతే, చీలమండ వీడి రెండు చేతుల్లో ఉంది. తల పైకే ఉంది. కవర్ వచ్చి మూసేశాడు.

సినిమా అయితే ఇక్కడ కప్పు ఎత్తాలి. మేం ఎత్తలేదు. ఫైనల్లో నాలుగు పాయింట్ల తేడాతో ఓడిపోయాం. కానీ మ్యాచ్ అయ్యాక ఒకాయన వచ్చి జిల్లా జట్టు ఎంపికకు వాణ్ణి పంపమన్నాడు. వాడు ఇంటికెళ్ళి చెబితే, నాన్న సాయంత్రం గ్రౌండ్‌కి వచ్చాడు. తోటలోంచే వచ్చినట్టున్నాడు, చొక్కాకి కొబ్బరి పీచు అంటుకుని ఉంది. కాసేపు నిలబడి ఆట చూశాడు. "ఎంపిక అయ్యేదాకా వీసా సంగతి ఆపుతానండి" అన్నాడు. అంతకంటే ఏం మాట్లాడలేదు. ఆయన ఇచ్చింది చిన్న గడువే. కానీ ఇచ్చాడు.

ఈసారి మ్యాచ్ చూస్తే ఇలా చూడండి

ప్రో కబడ్డీ అయినా, రీల్స్‌లో కనిపించే ఎన్‌ఎఫ్‌ఎల్ అయినా ఒక్క మ్యాచ్ ఇలా చూసి చూడండి.

• రైడర్‌ని వదిలేసి కార్నర్‌ని చూడండి. ప్రో కబడ్డీలో అందరికంటే ఎక్కువ టాకిల్ పాయింట్లు సాధించిన ఇరాన్ ఆటగాడు ఫజల్ అత్రాచలీ దొరికితే మరీ మంచిది. అతను దూకినవాటికంటే దూకకుండా ఆగినవి లెక్కపెట్టండి.

• రైడ్ మొదలవగానే డిఫెండర్లు ఎంతమందో, అది డూ ఆర్ డైయో కాదో చూసుకోండి. సగం కథ అక్కడే తెలిసిపోతుంది.

• రైడర్ నడుము, నిలబడిన కాలు. ఈ రెండే చూస్తూ ఏం చేస్తాడో ముందే చెప్పండి. పక్కనవాళ్ళతో పందెం టీ వరకే!

• అమెరికన్ ఫుట్‌బాల్ అయితే బంతిని చూడకండి. ముందు వరసలో గార్డ్ తల లేచిందా, దిగిందా... అదొక్కటే చూడండి.

ఇరాన్ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. 1990 నుంచి 2014 దాకా ఏషియన్ గేమ్స్ పురుషుల కబడ్డీలో జరిగిన ఏడుసార్లూ బంగారం మనదే. 2018లో జకార్తా సెమీస్‌లో ఇరాన్ మనల్ని 27-18తో ఓడించింది. మన దగ్గర పుట్టిన ఆటే. చూసి నేర్చుకున్నవాళ్ళు మనల్ని పట్టేశారు. తర్వాతి క్రీడల్లో, 2023లో హాంగ్‌ఝౌలో, అదే ఇరాన్‌ని 33-29తో ఓడించి బంగారం వెనక్కి తెచ్చుకున్నాం.

మేనల్లుడి సంగతి చెప్పనేలేదు కదూ. సీజన్ చివరి మ్యాచ్‌లో మళ్ళీ వాణ్ణి దింపారు. బావ చేతిలో ఫోన్ ఊగిపోతుంటే నాకు సగమే కనిపించింది. బంతి ఇచ్చినట్టు నటించారు. అందరూ ముందుకు ఉరికారు. ఒక్కడు మాత్రం ఆగి, వెనక్కి వెళ్ళి, గాల్లో వస్తున్న బంతిని చేత్తో కొట్టి పడేశాడు. నంబరు చూస్తే మావాడే.

మ్యాచ్ అయ్యాక ఫోన్‌లోకి వచ్చాడు. హెల్మెట్ తీసి, చెమటలు కారుతూ. "గార్డ్ తల లేచింది మావయ్యా. అందుకే దూకలేదు."

ఇక్కడ అప్పుడే తెల్లారుతోంది. కాలవ గట్టు మీద సైకిళ్ళు కదులుతున్నాయి. సాయంత్రం గ్రౌండ్‌లో ఈ వీడియో కుర్రాళ్ళకి చూపించాలి. ఎక్కడ ఆపాలో నాకు తెలుసు.